ఉయ్యాల చీర

నందిగామ,
1957 ఫిబ్రవరి.

చెప్పకముందే నా కష్టం కనిపెట్టే అక్కకి, చెల్లెలు ప్రమీల నమస్కరించి రాస్తున్నది.

నేను జగ్గయ్యపేట నుంచి అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఒంట్లో బాగాలేదని అందరితో చెప్పాను గాని అది అబద్ధం. ఇక మీ మరిది దగ్గరికి వెళ్ళను.

కార్తీకంలో మా బాబు జ్వరంతో పోయిననాడు కూడా ఆయన ఏడవలేదక్కా. పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని నాటక సమాజం వాళ్ళతో మాట్లాడారు. ఆ తర్వాత ఇంట్లో వాడి పేరెత్తలేదు. మగవాళ్ళు అంతేనేమో అనుకుని ఊరుకున్నాను.

ఆయన ఆడవేషాలు కడతారని నీకు తెలుసుగా. ఈసారి రాణి వేషం. కొడుకు యుద్ధంలో చచ్చిపోతే రాణికి మతి పోతుంది, బట్టమూటను ఒళ్ళో పెట్టుకుని జోకొడుతుంది. వేషానికి కావలసిన చీరలు ఎవరివి వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. నేనూ ఎన్నోసార్లు ఇచ్చాను. మొన్న పేటలో ఆడినప్పుడు పక్కింటి ఖాదర్‌బీ నా మోచేయి పొడిచి, "ఏందమ్మా, ఆ మూట నీ చీరేగా?" అంది. చూద్దును గదా, బాబుకి ఉయ్యాల కట్టిన చీర! వాడి వాసన పోతుందని ఉతక్కుండా పెట్టెలో దాచుకున్నాను. దాన్ని ఒళ్ళో వేసుకుని పద్యం పాడుతూ ఆయన బొటబొటా కన్నీళ్ళు కార్చారు. జనం వన్స్‌మోర్ అన్నారు. మళ్ళీ పాడారు. మళ్ళీ అవే కన్నీళ్ళు.

ఇంటికొచ్చాక అడిగాను. "రంగానికి పాత చీర కావాలి ప్రమీలా. అది పాతదేగా?" అన్నారు.

ఊరందరూ అడిగితే రెండోసారి కూడా ఏడ్చే మనిషికి, కన్నబిడ్డ కోసం ఒక్క చుక్క లేకపోయింది. అన్నయ్య ముందు నాకు నోరు పెగలదు. బావగారిని పంపు. పెద్దల్లో పెట్టి ఆయనే తేల్చాలి.

నీ ప్రమీల


జగ్గయ్యపేట,
1957 మార్చి.

అక్కా, పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. బావగారిని బయలుదేరనివ్వకు.

ఆ నాటకం మన నందిగామకే వచ్చింది. నా చీర నేను అడిగి తెచ్చుకుందామని వెళ్ళాను, అంతే. రాణి పద్యం పాడింది. వన్స్‌మోర్ అన్నారు. హార్మోనియం బ్రహ్మయ్య గారు శ్రుతి అందించారు. మీ మరిది నోరు తెరవలేదు. మళ్ళీ అందించారు.

"ఇంక పాడలేనయ్యా. మా అబ్బాయి పోయాడు" అన్నారు, రాణి గొంతుతో కాదు, ఇంట్లో గొంతుతో.

జనం ఈలలు, చప్పట్లు, ఆయన పేరు పెట్టి కేకలు! "బుల్లిబాబంటే బుల్లిబాబేరా! పిచ్చంటే అదీ! వన్స్‌మోర్!" ఆయన లేచి, మూట విప్పి, ఆ చీరని తెర వాసానికి కట్టడం మొదలుపెట్టారు. "రాణిగారు ఉయ్యాల కడతంది రోయ్!" అని ఒకడు నవ్వాడు. అది నాటకంలో లేదక్కా. మా ఇంట్లో ఉయ్యాల ఎప్పుడూ ఆయనే కట్టేవారు, అదే ముడి. ఖాళీ ఉయ్యాలను ఊపుతున్నారు.

మగవాళ్ళ మధ్య నుంచి ఎలా వెళ్ళానో, వేదిక ఎలా ఎక్కానో తెలియదు. చెయ్యి పట్టుకున్నాను.

"ఊపకండి. అందులో వాడు లేడు."

"తెలుసు ప్రమీలా" అన్నారు. "ఇంటికాడ ఏడుపు రావట్లా. ఇక్కడైతే వస్తంది. అందుకే తెచ్చా. నీకు చెప్పలేకపోయా."

బ్రహ్మయ్య గారు తెర దించేశారు.

మర్నాడు అన్నయ్య, "పిచ్చోడి దగ్గరికి ఎట్టా పంపేదే?" అని బస్సు దాకా తిడుతూనే ఉన్నాడు. "ఆ పిచ్చి నాకూ ఉంది అన్నయ్యా" అని ఎక్కేశాను.

ఇక్కడ అంతా బాగుందని రాయను. ఆయన గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చుంటారు, నాకు భయమేస్తుంది. నిన్న మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "వాడి ముక్కు నీదా, నాదా?" అని అడిగారు.

"మీదే" అన్నాను.

ఇద్దరం కంచాల ముందు, చేతులు ఎండిపోయేదాకా వాడి గురించే మాట్లాడుకున్నాం.

నీ చెల్లెలు,
ప్రమీల