షెడ్డు తలుపుకి కొన్న మెషిన్

ఈ వీలునామా రాస్తున్నది నేను. నీళ్ల శుద్ధి కేంద్రంలో గడ్డి కోసే పనివాణ్ణి. వయసు ఇరవై ఆరు. అందరూ పిలిచే పేరు గడ్డోడు. ఆసుపత్రి మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకుని, నా అంతట నేనుగా, ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టకుండా రాస్తున్నాను. మతి సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది ఒళ్లు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు కాబట్టి ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయన్న వంకతో దీన్ని కొట్టెయ్యడానికి వీల్లేదు.

"స్థిరబుద్ధితో", "నా తదనంతరం" లాంటి మాటలు పక్క మంచం పెద్దాయన దగ్గర అరువు తెచ్చుకున్నాను. ఆయన జీవితమంతా దస్తావేజులు రాసినవాడు. మొత్తం తనే చెప్పి రాయిస్తానన్నాడు. "కానీ బాబూ, వీలునామాలో తిట్లు రాయకూడదు" అన్నాడు. అందుకని నేనే రాసుకుంటున్నాను.

పెద్ద డాక్టరు నా మొహం చూడ్డం మానేసి నా కాగితాలే చూస్తున్నాడు. కుంటలో బురదనీళ్లు గాయంలోకి పోయి రక్తం చెడిందని, కిడ్నీలు మాట వినడం లేదని నర్సమ్మ చెప్పింది. కళ్లలోకి చూసి చెప్పింది ఆమె ఒక్కతే.

1. నా తదనంతరం ఇందులో రాసినవన్నీ జరిపించే బాధ్యత మా మేనమామది. ఆయన మా శుద్ధి కేంద్రంలోనే మెకానిక్. అమ్మానాన్నలు పోయాక నన్నూ చెల్లినీ పెంచినవాడు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి. ఆయన కాదంటే చేసేవాళ్లు ఇంకెవరూ లేరు, కాబట్టి ఆయన కాదనకూడదు.

2. ఏ ఆస్తి రాసినా అది మనకి ఎలా సంక్రమించిందో ముందు రాయాలని పక్క మంచం పెద్దాయన చెప్పాడు. నాకు సంక్రమించింది ఈ చావు. అది ఎలా సంక్రమించిందంటే:

మా శుద్ధి కేంద్రంలో ట్యాంకులు కొంచెం, ఖాళీ జాగా ఎక్కువ. నడిచి వస్తే కాళ్లు పీకేంత ఆవరణ. దాని చివర చెరువు కట్ట. కట్ట మీద గడ్డి ఎప్పుడూ పొట్టిగా ఉండాలి. ఎక్కడైనా చెమ్మ ఊరినా, ఎలక బొక్క పెట్టినా కనపడాలంటే గడ్డి అడ్డు రాకూడదు. అది అందం కోసం చేసే పని కాదు. ఆ కట్ట తెగితే కిందనున్న వీధులు ఉండవు. ఇన్నేళ్లూ తోసే మెషిన్లతో కోశాం. చివరికి ఆఫీసు కరుణించి, ఎక్కి కూర్చునే జీరో టర్న్ మెషిన్ కొనమంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. జీరో టర్న్ మెషిన్‌కి స్టీరింగు ఉండదు. రెండు చేతులకి రెండు లివర్లు. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తోస్తే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. తోలడం, తిప్పడం, ఆపడం అన్నీ వెనక చక్రాలే చేస్తాయి. ముందు చక్రాలు ఆఫీసు కుర్చీకి ఉండే చక్రాల్లాంటివి, ఎటు తోస్తే అటు పోతాయి. చదును నేల మీద దీన్ని మించింది లేదు. తడిసిన ఏటవాలు మీద వెనక చక్రాలు జారాయా, ఇక నీ చేతిలో ఉన్నవి లివర్లు కావు, రెండు కర్రముక్కలు.

కొనడానికి ముగ్గురం వెళ్లాం: స్టోర్‌కీపర్, మావయ్య, నేను. షాపులో రెండు మెషిన్లు మిగిలాయి. ఒకదానికి కింద బ్లేడ్లు తిరిగే డెక్ మందపాటి రేకు, అతుకులన్నీ వెల్డింగు. సీటు కింద స్ప్రింగులు. సీటు వెనక ఇనపకమాను, అంటే రోల్ బార్. బండి బోర్లాపడినా ఆ కమాను నేలకి ఆనుకుని మనిషిని నలగనివ్వదు. సీటు బెల్టు పెట్టుకుంటే మనిషి అందులోనే ఉంటాడు. రెండోది పెళ్లికూతురులా మెరుస్తోంది. కమాను లేదు. గ్లాసు పెట్టుకోడానికి మాత్రం గుంట ఉంది. మావయ్య రెండిటి కిందా పడుకుని స్పానరుతో కొట్టాడు. మొదటిది "ధన్" అంది. రెండోది కంచంలా మోగింది. మావయ్య లేచి మొదటిదాని మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆయనకి అదే ఉపన్యాసం.

స్టోర్‌కీపర్ జేబులోంచి టేపు తీశాడు. గడ్డి కొలిచి తెచ్చాడా, కట్ట వాలు కొలిచి తెచ్చాడా? కాదు. మా పాత షెడ్డు షట్టరు ఎత్తు కొలిచి తెచ్చాడు. కమాను ఉన్న బండి దూరదు. కమాను వంచొచ్చండీ, పిన్ను తీస్తే వాలుతుంది అని షాపు వాడే చెప్పాడు. "రోజూ ఎవడు వంచుతాడ్రా? ఎవడు లేపుతాడ్రా? నువ్వా? నువ్వు సెలవు పెడితే మీ తాత వస్తాడా?" అన్నాడు నన్ను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షట్టరు పైకి జరపడం ఒక మేస్త్రీకి ఒక పూట పని. ఆ మాట ఎవరికీ తట్టలేదు. ఇంత నేలకి మెషిన్ కొనమంటే షెడ్డు తలుపుకి కొన్నారు. కాగితాల మీద ఆయన చొక్కాజేబులో ఎప్పుడూ ఉండే రబ్బరు ముద్ర పడింది: "పరిశీలించి సరిగా ఉన్నట్టు ధ్రువీకరించడమైనది."

ఆ సీటుకి స్ప్రింగుల్లేవు. గతుకు తగిలినప్పుడల్లా నేను ఎగిరేవాణ్ణి. ఎగిరితే సీటు కింది స్విచ్చి, మనిషి పడిపోయాడనుకుని ఇంజను ఆపేసేది. కట్ట మీద ఒక వరస కోసేలోపు లెక్కలేనన్నిసార్లు ఆగేది. పని తెమలడం లేదని పైనుంచి చీవాట్లు. చివరికి ఆ స్విచ్చికి చిన్న తీగముక్క కలిపేశాం. ఇక సీటులో మనిషున్నా లేకపోయినా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి.

వాన వెలిసిన పొద్దున బండి కట్ట మీంచి జారి, నన్ను విసిరేసి, నా వెనకే కట్ట కింది కుంటలోకి దిగింది. మిగతాది డాక్టరు కాగితాల్లో ఉంది.

స్టోర్‌కీపర్ ఆదివారం ఆదివారం వస్తాడు. పళ్లు తెస్తాడు. నా కాళ్లుండేవైపు కూర్చుంటాడు. పోయిన వారం, "దిగులుపడకురా, నీ ఉద్యోగం మీ చెల్లికి ఇప్పిస్తున్నా. మెషిన్ కూడా బాగుచేయించాం. రంగు వేయిస్తే కొత్తదానిలా ఉంది" అన్నాడు. మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు ఆ మనిషి. నాకు అరవడానికి కూడా ఊపిరి చాల్లేదు. అందుకే ఈ కాగితం.

3. నా చెల్లికి: నాకున్నదంతా, నా చావుకి ఆఫీసు ఏమన్నా విదిలిస్తే అదీ నీదే. ఒక్కటే షరతు. ఆ మెషిన్ నువ్వు ఎక్కకూడదు. అమ్మడూ, ఇంకోసారి రాస్తున్నా, ఎక్కకూడదు. నీ సొంతానికి ఒక మెషిన్ కొనుక్కుని స్కూళ్లలో, ఫ్యాక్టరీల్లో గడ్డి కోసి బతుకు. కొనేటప్పుడు ఇలా కొను.

షాపుకి పోయేముందు నువ్వు కొయ్యాల్సిన నేలంతా వాన పడ్డాక ఒకసారి నడువు. నువ్వు జారిన చోట ఏ మెషినూ నిలబడదు. ఆ చోటు దానికి వదలకు, చేత్తో కోసుకో. షాపులో మెషిన్ పైభాగం చూడకు, అక్కడ ఉన్నది రంగు. కిందికి దూరి డెక్ మీద కొట్టు, మావయ్య కొట్టినట్టు. కంచంలా మోగితే అది కంచమే, అన్నం తిను అందులో. బ్లేడ్ల బేరింగులకి గ్రీజు పెట్టే దారి ఉందా చూడు. లేకపోతే బేరింగు పోయినరోజు అది ఉన్న దిమ్మంతా మార్చమంటారు. చక్రాలు తిప్పే పంపుల్లో నూనె మార్చుకునే వీలుందో లేదో అడుగు. కొన్ని మూతి కుట్టేసి వస్తాయి, నూనె చెడితే పంపు చెత్తకుప్పకే. ముందు చక్రాల్ని పట్టుకునే ఫోర్కులు నీ మణికట్టంత ఉండాలి. సీటుకి స్ప్రింగులు ఉండాలి. నడుం నొప్పికి కాదు, స్విచ్చికి ఎవడూ తీగ కలపకుండా.

తర్వాత షాపు వాణ్ణి బ్లేడ్లు తిప్పే బెల్టు ఒకటి ఇమ్మను. లోపల్నుంచి తెచ్చి చేతిలో పెడితే ఆ మెషిన్ గురించి మాట్లాడు. "ఆర్డరు పెడితే వస్తుందమ్మా" అన్నాడా, దండం పెట్టి వచ్చెయ్యి. కోత కాలంలో ఆగిన మెషిన్ ఇనపసామాను. అమ్మేవాణ్ణి అడగొద్దు, బాగుచేసేవాణ్ణి అడుగు. ఏళ్లతరబడి వాడినది ఎవరి దగ్గరైనా ఉంటే వెళ్లి చూడు, ముసలితనంలోనే మెషిన్ గుణం బయటపడుతుంది. కమాను లేనిది ఉచితంగా ఇచ్చినా తేకు. షెడ్డులో పట్టకపోతే షెడ్డు పీకెయ్యి.

ఇంత రాసి ఏం లాభమో నాకు తెలియదు. ఇవన్నీ తెలిసి కూడా నేను ఆ గ్లాసు గుంట బండి మీదే కూర్చున్నాను. పొయ్యిలో పిల్లి లేవని రోజున ఎవరి తెలివి ఎవరికి కావాలి? ఇంట్లో గింజలు లేకపోతే ఇచ్చిన బండే ఎక్కుతాం.

4. పంపుహౌసులో పనిచేసేవాడు, మేం రేడియో అని పిలిచేవాడికి: నా చెవులకి పెట్టుకునే డిప్పలు. పంపు మోతకి కాదు. వాడు అవి పెట్టుకుని ఒక్కరోజు తన మాటలు తను వినకుండా ఉంటే, లోకంలో మిగతావాళ్లు కూడా మాట్లాడతారని తెలుసుకుంటాడు. కుంటలో గొంతుదాకా దిగి నన్ను బయటికి లాగింది వాడే. ఆరోజు ఒక్క మాట మాట్లాడలేదు వెధవ.

5. ల్యాబులో నీళ్లు పరీక్ష చేసే అమ్మాయికి: ల్యాబు వెనక కిటికీ కింద చారెడు నేల. అది నాది కాదు, ఆఫీసుది. అయినా రాసిస్తున్నాను. అక్కడ చిన్న పసుప్పచ్చ పూలు పూస్తాయని నేను ఎప్పుడూ బ్లేడు దింపలేదు. "ఇక్కడ మర్చిపోయావు" అని ఒకసారి ఆమె కిటికీలోంచి అంది. మర్చిపోలేదు. అంతకంటే ఎక్కువ చెప్పే ధైర్యం అప్పుడు లేదు, ఇప్పుడు అవసరం లేదు. నా తర్వాత ఈ పని చేసేవాళ్లు ఎవరైనా సరే, ఆ నేల జోలికి పోకూడదు.

6. మావయ్యకి: నా స్పానర్ల పెట్టె, ఆ తీగముక్క. అవును, ఆ తీగ కలిపిన చెయ్యి నీదే. కలపమని నీ ప్రాణం తోడింది నేను. రోజూ చీవాట్లు పెట్టి నా చేత తోడించింది పైవాళ్లు. ప్రమాదం అయిన దగ్గర్నుంచి నువ్వు వార్డు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోతున్నావని నర్సమ్మ చెప్పింది. లోపలికి రా మావయ్యా. నేను తిట్టను. నీ మీద ఖర్చు పెట్టేంత కోపం నా దగ్గర మిగల్లేదు, ఉన్నదంతా ఆ షట్టరుకే సరిపోయింది.

7. స్టోర్‌కీపర్‌కి: ఏమీ లేదు. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట. ఆయనకి ఏమీ రాయకపోవడం వల్ల ఆయన నిక్షేపంలాంటి సాక్షి. ఇవాళ ఆదివారం, పళ్లతో వస్తాడు. ఆయన చేత పెట్టిస్తాను.

8. పై షరతులన్నీ పొద్దున రాశాను. ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

చెల్లి వచ్చి వెళ్లింది. నా పాత బూట్లు వేసుకుంది. పాదం చిన్నది కదా, ముందు గుడ్డలు కుక్కుకుంది. ప్యాంటు అంచులకి గడ్డి తునకలు అంటుకుని ఉన్నాయి. ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "ఏం తిన్నావన్నయ్యా?" అంది. గంజి అన్నాను. ఆదివారం కూడా పనేమిటని నేను అడగలేదు, తను చెప్పలేదు. వెళ్లేముందు నా దుప్పటి మీద రాలిన గడ్డిపోచల్ని ఒక్కొక్కటీ ఏరి గుప్పిట్లో పట్టుకుని వెళ్లింది, నేను చూడలేదనుకుని.

మూడో షరతు కొట్టెయ్యడం లేదు. వద్దన్నానని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. కానీ అమ్మడూ, ఎలాగూ ఎక్కేశావు కాబట్టి విను. తడి ఉన్నరోజు కట్ట మీదికి పోకు, ఎవరు తిట్టినా పోకు. నీళ్ల పక్క వరసలు తోసే మెషిన్‌తోనో కొడవలితోనో కొయ్యి. మావయ్యా, చెల్లి మళ్లీ సీట్లో కూర్చునేలోపు రంగు వేసిన ఆ బండి కింద తీగ ఇంకా ఉందేమో చూసి పీకెయ్యి. గతుక్కి ఇంజను ఆగితే ఆగనీ. వెయ్యిసార్లు ఆగనీ. ఆ బండికి తెలిసిన మంచిపని అదొక్కటే.

స్టోర్‌కీపర్ సార్, మీకు ఒక్క మాట. బండి తాళంచెవి మీ దగ్గరుంటుంది. కమాను ఉన్నది వచ్చేదాకా అది ఎవరికీ ఇవ్వకండి, నా చెల్లికైతే అసలు ఇవ్వకండి. నేను జీవితంలో మిమ్మల్ని అడిగింది ఇదొక్కటే. ఇక్కడిదాకా చదివితే మీ సంతకం పక్కన "చదివాను" అని సొంత చేత్తో రాయండి. అది చూసి నేను పడుకుంటాను. ముద్ర వెయ్యకండి. మీ ముద్ర సంగతి నాకు తెలుసు.

తేదీ: జూలై పంతొమ్మిది, ఆదివారం, సాయంత్రం.

వీలునామా రాసినవాడు: గడ్డోడు (ఎడమచేతి సంతకం)

సాక్షులు, నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసినవారు:

మొదటి సాక్షి: వార్డు నర్సు (సంతకం). చదివాను.

రెండో సాక్షి: స్టోర్‌కీపర్ (సంతకం).
కింద నీలిరంగు రబ్బరు ముద్ర: "పరిశీలించి సరిగా ఉన్నట్టు ధ్రువీకరించడమైనది."