బావగారి కంటి తూకం

బావగారికి,

అక్క క్షేమమే, అరచేతులు తప్ప.

సబ్బుకి కాస్టిక్ సోడా తూచి పోయమంటే "నా కన్నే తూకం" అన్నారట. ఆ సబ్బుతో గిన్నెలు తోమి అక్క చేతులు పొక్కితే, "నీది మరీ సుకుమారం" అన్నారట.

అక్క సబ్బులతో పాటు తెచ్చిన సోడా ప్యాకెట్లో మిగిలింది తూచి, మీరెంత ఎక్కువ పోశారో లెక్కగట్టాను. సబ్బులన్నీ తురిమి, సన్నటి సెగ మీద కరిగించి, ఆ ఎక్కువ సోడాకి సరిపడా కొబ్బరినూనె కలిపాను. నాలుగు వారాలు ఆరాలి. అంతవరకు అక్క నా గదిలోనే ఉంటుంది.

ఒక్క సబ్బు మాత్రం మీరు చేసినట్టే ఉంచి పంపుతున్నాను. వారం రోజులు దానితో మీ గిన్నెలు మీరే తోముకోండి. చేతులు మండకపోతే రాయండి, తప్పు అక్క చర్మానిదేనని ఒప్పుకుంటాను.

మీ మరదలు