హెడ్‌ఫోన్లు తేలేదు

డానియేలూ,

నీ కంప్యూటర్ సామాన్లు మంచం కింద పెట్టిన. గ్రాఫిక్స్ కార్డు నువ్వు రాసిచ్చిందే దొరికింది. పవర్ సప్లై చిన్నది సరిపోదని షాపు భాయ్ అంటే పెద్దది తీస్కున్న. డ్యూటీ దిగొచ్చి ముందు తిను, పప్పు వేడి చేస్కో. అంతా బిగించుకో గానీ ఆన్ చెయ్యకు. నేనొచ్చినంక ప్రార్థన చేసి చేద్దాం.

హెడ్‌ఫోన్లు మాత్రం నేనే లిస్టుల కొట్టేసి స్పీకర్లు తెచ్చిన. లొల్లి చెయ్యకు. నీది నైట్ షిఫ్టు, నాది పొద్దటిది. ఇద్దరం ఇంట్ల మెలకువతోని ఉండేది సాయంత్రం రెండు గంటలే. ఆట చప్పుడు నేను ఓర్చుకుంట.

నీ స్వరూప

మొన్న తాళంచెవి మర్చిపోయిన, నా ఫోన్ల చార్జింగ్ గూడ లేకుండె. నువ్వు ఫోన్ల ఆడుకుంటున్నవ్, చెవులకు పాత హెడ్‌ఫోన్లు. తలుపు కొట్టి కొట్టి ఆ రెండు గంటలు మెట్ల మీదనే కూసున్న. నువ్వు డ్యూటీకని తలుపు తీస్తే ఇప్పుడే వచ్చిన అన్న, నీకు చెప్పలే.