దారం వాసన

చిన్నవాడికి అమ్మ దీవెనలు. చెప్పేది నేను, రాసేది మీ అక్క. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వూ కోడలూ నా మనవరాలు పిచ్చుకా ఒంట్లో బాగున్నారనే తలుస్తున్నాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. పిచ్చుక పాలు ఒలకబోసిన సోఫాని నీళ్లు పోసి తోమేద్దామా అన్నావు. తోమకు. పొడిగుడ్డతో అద్దు. రుద్దితే పాలు ఇంకా లోపలికి దిగుతాయి. సీటు కింద చీటీ కుట్టి ఉంటుంది, చూడు. డబ్ల్యూ ఉంటే నీళ్లు పడతాయట, ఎస్ ఉంటే మరకల మందే తప్ప నీటిచుక్క తగలకూడదట, ఎక్స్ ఉంటే దుమ్ము దులిపి ఊరుకోవడమేనట. ఈ అక్షరాల గొడవ మీ అక్కది. నాకు తెలిసింది నేను చెబుతాను. నూలు గుడ్డకి సబ్బు నురగ చాలు, నానబెట్టావా ముడుచుకుపోతుంది. నైలాన్ మొండిది, వేడి తగలనంతవరకు దేన్నైనా తట్టుకుంటుంది. ఉన్నికి చన్నీళ్లే. పట్టు, మఖ్మల్ జోలికి నువ్వు పోకు. ఏదైనా సరే, వెనకవైపు కనబడని మూల ఒక చుక్క వేసి, ఆరాక చూసుకుని అప్పుడు దిగు.

ఇక రెండోది. మీ ఇద్దరికీ పనులు కుదిరాయి, పిచ్చుకని కొన్నాళ్లు నా దగ్గర ఉంచుతామన్నావు. ఆ మాట చదివి వినిపించిన దగ్గర్నుంచి ఈ రాస్తున్న ఈవిడగారు నా మీద పడింది. "ఇల్లూ షాపూ ఒకటే, ఆ మరకల మందు డబ్బాల మధ్య పసిదాన్ని ఎలా పెడతావమ్మా" అంటుంది. "మీరిద్దరూ అక్కడే పెరిగారు, ఎవరికి ఏ చెయ్యి ఊడింది" అన్నాను. "అప్పుడు నువ్వు వయసులో ఉన్నావు" అంది. ఇదిగో, ఆ ముక్క రాయనంటోంది. రాయవే, నా ముందు అన్నదానివి వాడి ముందు అనడానికి సిగ్గా? కుర్చీలకి గుడ్డ మార్చి, మరకలు తీసి ఇద్దర్నీ పెంచినదాన్ని, నాకు చేతకాదంటే పడతానా? పిల్ల నా పక్కలోనే పడుకుంటుందని రాయించాలనే కూర్చున్నాను.

కానీ నాయనా, నాకు భయంగా ఉంది.

నాకు అక్షరం రాదు కదా. చీటీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కుట్టు దగ్గర ఒక దారం లాగి, అగ్గిపుల్లతో కాల్చి వాసన చూస్తాను. కాగితం కాలిన వాసనైతే నూలు. వెంట్రుక కాలినట్టుంటే ఉన్నో, పట్టో. ప్లాస్టిక్ కంపైతే నైలాన్ రకం. ఈమధ్య ఏ దారం కాల్చినా ఏ వాసనా రావడం లేదు. జలుబనుకున్నాను. జలుబు పోయింది, వాసన తిరిగి రాలేదు. మీ అక్కకి చెప్పలేదు. వేలితో తడిమి, అంచనా మీద నెట్టుకొస్తున్నాను.

మొన్న ఒక కుర్చీ దారం లాగి, అగ్గిపెట్టె తీశాను. అప్పుడే మీ అక్క బయటినుంచి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఏంటమ్మా ఈ కంపు" అంది. మందు డబ్బా నా వెనకే ఒరిగిపోయి, చాప కింద మడుగు కట్టి ఉంది. పెట్రోలుకి తోబుట్టువది. నాకు తెలియలేదురా. పుల్ల గీయడమే తరువాయి. "ఇప్పుడే పడింది, తుడుస్తున్నాలే" అని బొంకాను.

మీ అక్క పెన్ను ఆపేసి నా మొహంలోకి చూస్తోంది. "అగ్గిపెట్టె నీ చేతిలో ఉందా అమ్మా" అంటోంది. ఉందే. అదీ రాయి.

ఆ రోజు నుంచి కిటికీలూ తలుపులూ బార్లా తీశాకే పొయ్యి వెలిగిస్తున్నాను. గ్యాస్ కారినా నాకు తెలియదు. ఆ పక్కనే పిల్ల పాకుతున్నట్టు కళ్ల ముందు కనబడుతోంది, ఆపైన ఆలోచించలేను. మందు పని ఇక పట్టను, డబ్బాలు ఇంట్లోంచి పంపించేస్తాను. కానీ గోడలకీ చాపలకీ పట్టింది వదిలిందో లేదో నా ముక్కు చెప్పదు. మీ అక్క ముక్కు ఈ ఇంటికి అలవాటు పడిపోయింది.

అందుకని, మీరు వచ్చినప్పుడు పిచ్చుకని వీధిలో కోడలి చంకలోనే ఉండనివ్వు. నువ్వొక్కడివే లోపలికొచ్చి మూలమూలా వాసన చూడు. ఏ కాస్త తేడా అనిపించినా పిల్లని గుమ్మం తొక్కనివ్వకుండా తీసుకెళ్లిపో. నేను తిడతాను, ఏడుస్తాను, చెయ్యి పట్టుకుని లాగుతాను. ఆగకు.

ఇట్లు,
మీ అమ్మ