రెండు పెడళ్ళ బండి

జూన్ 3, మంగళవారం

ఈ రోజు కూడా తుర్కయంజాల్ చేరలేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నలభై నిమిషాలు నిలబడ్డాను. వాన. ఒక ఆటో అతను ఒప్పుకున్నాడు, బైరామల్‌గూడ దగ్గర రోడ్డు మీద నీళ్ళు చూసి దింపేసి వెనక్కి తిప్పుకున్నాడు.

బాలమణెమ్మకు పక్షవాతం వచ్చి ఏడు వారాలు. పోయిన వారమే ఎడమచేతి వేళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ముడుచుకుపోతాయి. రాలేనని ఆమె కోడలికి ఫోన్ చేశాను. వెనక నుంచి బాలమణెమ్మ గొంతు — "పోనీ తియ్. కాలు బాగలేని పిల్ల, తడుస్తది..."

ఫిజియోథెరపిస్టును. అందరి కీళ్ళూ వంచుతాను. నా ఎడమ చీలమండ ఒక్కటే వంగదు.

నాకు కారు కావాలి. ఇన్నాళ్ళూ అనుకోవడమే. ఈ రోజు రాశాను.

జూన్ 5

క్లచ్ తొక్కలేను. మూడేళ్ళ కింద బైక్ జారినప్పుడు చీలమండ నుజ్జయింది, డాక్టర్లు ప్లేట్లు వేసి ఎముకలను అతికించేశారు. బైక్ నడిపింది మా ఆయన లింగస్వామి. అతనికి గీతలు పడ్డాయి, అంతే. మర్నాడే బైక్ అమ్మేశాడు. అప్పటి నుంచి ఏ బండీ ముట్టలేదు. ఆఫీసుకు మెట్రో. నన్ను మాత్రం ఆటోలో పక్కన కూర్చుని దింపుతాడు.

కారు లైసెన్సు ఇద్దరికీ ఉంది. పెళ్ళైన కొత్తలో కలిసే నేర్చుకున్నాం. కొనలేదు, అంతే.

ఆటోమేటిక్ అయితే రెండే పెడళ్ళు. రెండూ కుడికాలివే. నా కుడికాలు బంగారం. ఎముకల డాక్టరు కూడా ఆ మాటే కాగితం మీద రాసిచ్చాడు — బంగారం అని కాదు, నడపవచ్చు అని.

రోగుల ఇళ్ళకు వెళ్ళాలంటే రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరగాలి. డీజిల్ అయితేనే గిట్టుతుంది. కొత్తది నాకు అందదు.

జూన్ 6

ఎల్‌బీ నగర్ డ్రైవింగ్ స్కూల్లో ఆటోమేటిక్ బండి ఒక్కటే ఉంది. పొద్దున ఆరింటికి ఖాళీ అట. చేరాను. లింగస్వామికి చెప్పలేదు. వాకింగ్ అన్నాను. వంగని కాలితో వాకింగ్! నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో...

జూన్ 8, ఆదివారం

దొరికింది. బడంగ్‌పేట్‌లో ప్రకాశరావుగారని రిటైర్డ్ ఇంజనీరు. గుంటూరు వైపు మనిషి. చిన్న కారు, డీజిల్, ఆటోమేటిక్. ఒక్కరే వాడింది. అన్నీ నేను వెతుకుతున్నవే. కానీ తిరిగింది — లక్షా నలభై రెండు వేల కిలోమీటర్లు.

భోజనాల దగ్గర బయటపెట్టాను. అక్కా బావా కూడా ఉన్నారు.

బావ నవ్వాడు. "లక్షా నలభై రెండు వేలా? గది కారు కాదు మరదలా, తాత."

"డీజిల్ ఇంజను. మంచిగ చూస్కుంటె ఇంకా నడుస్తదంట."

"డీజిల్ ఒక రోగం, ఆటోమేటిక్ ఒక రోగం. రెండు రోగాలున్నదాన్ని డాక్టరమ్మవు నువ్వే కొనాలె ఇగ."

అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వాను. లింగస్వామి నవ్వలేదు. తిన్నాడు. కంచం తనే కడిగాడు. వాళ్ళు వెళ్ళాక ఒక్క మాట — "నేను దింపుతలేనా?"

జూన్ 9

దింపుతాడు. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళి మాట పడతాడు కూడా. అది తెలియక కాదు.

జూన్ 12

కర్మన్‌ఘాట్ వెళ్ళాను, మెకానిక్ యాదగిరి షెడ్డుకు. పోయిన చలికాలం ఇతని కుడి భుజం పట్టేసింది. పానా పట్టుకున్న చెయ్యి తల దాకా లేచేది కాదు. ఆరు వారాలు రోజూ లేపించాను, తిట్టుకుంటూనే లేపాడు. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, పోలీసులు పట్టుకున్నట్టు.

"మీ బండి నేను సూస్త మేడం. పైసల మాట ఎత్తొద్దు. గని పొద్దుగాల్నే పోవాలె. ఇంజను సల్లగుండాలె. మనం పోకముందే ఆయన స్టార్ట్ చేసి పెట్టిండనుకో, సూడకుంటనే వాపస్."

జూన్ 14, శనివారం

ఆరున్నరకు బడంగ్‌పేట్. యాదగిరి ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు. చల్లగా ఉంది. నా వైపు చూసి తలూపాడు.

ప్రకాశరావుగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బయటికి వచ్చారు. కంటి నరం దెబ్బతిందట. ఎదురుగా కనబడుతుంది, పక్కలు కనబడవు. "లేకపోతే అమ్మేవాణ్ణి కాదండీ" అన్నారు, ఎవరూ అడగకుండానే. చేతిలో ఒక పుస్తకం. సర్వీసులు, టైర్లు, పోసిన ప్రతి లీటరు డీజిల్, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. యాదగిరి దాన్ని తెరవలేదు.

"కాయిదం కంటె ఇంజను ఎక్కువ చెప్తది సార్."

స్టార్ట్ చేశాడు. ఒకసారి నల్లగా పొగ దగ్గింది, తర్వాత తేటపడింది. ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, ఊరికే పైన పెట్టి వదిలాడు. మూత ఎగిరెగిరి పడితే లోపల అరిగిపోయినట్టట. దగ్గరికి వంగి చూశాను. కొంచెం వణికింది. కదల్లేదు.

"గట్టి ఇంజను. ఇంకో లక్ష నడుస్తది."

"అమ్మాయి నడపాలి, నేను చూడాలి" అన్నారు ప్రకాశరావుగారు. పక్కన కూర్చున్నారు. యాదగిరి వెనక.

బ్రేకు మీద నుంచి కాలు తీశాను. బండి తనంతట తనే కదిలింది! స్కూలు బండి కూడా కదిలేది. కానీ ఇది వేరే... ఇది నాది కావచ్చు.

గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతోంది. వెనక నుంచి యాదగిరి — "మారేటప్పుడు కాలు జర ఎత్తుండ్రి." ఎత్తాను. వెన్నలా మారింది.

కాలనీ చివర ఎత్తు రోడ్డు. అక్కడ చెడింది. ఇంజను అరుస్తోంది, బండి ఎక్కడం లేదు. ఇంకా తొక్కాను. ఇంకా అరిచింది. ఏదో కాలిన వాసన.

"క్లచ్ ప్లేటు అరిగింది" అన్నాడు యాదగిరి.

"ఇందులో క్లచ్ ఉండదు కద?"

"ఉంటది మేడం. తొక్కేది మీరు కాదు, లోపల మిషను తొక్కుతది. ప్లేటు మాత్రం ప్లేటే. కర్సు పెద్దగైతది."

ప్రకాశరావుగారి ముఖం ఎర్రబడింది. "క్లచ్‌కేం కాలేదండీ! పుస్తకంలో చూడండి, ఎక్కడా కంప్లయింట్ లేదు. ఈ అమ్మాయికి ఇంకా అలవాటు లేదు."

ఆ ఖర్చు నా మీద పడితే నా వల్ల కాదు. ఆయన తగ్గించనన్నారు. వచ్చేశాం.

ఇంట్లో చెప్పాను. లింగస్వామి "పోనీలే" అన్నాడు. ఆ గొంతులో ఊరట దాచలేకపోయాడు. గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

జూన్ 16

క్లినిక్‌లో బల్ల కింద కుడికాలు దానంతట అదే ఎత్తుతోంది, దించుతోంది. గేరు మారుతున్నట్టు.

జూన్ 17

బాలమణెమ్మ దగ్గరికి వెళ్ళాను, రెండు బస్సులు మారి. ఎడమ బొటనవేలు మళ్ళీ లోపలికి ముడుచుకుంది. నేను వెళ్ళని ఈ మూడు వారాల్లోనే.

జూన్ 18

ప్రకాశరావుగారి ఫోన్! పొద్దున ఎనిమిదింటికి.

"అమ్మా, నిన్న పక్కింటాయన చేత అదే ఎత్తు ఎక్కించాను. పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటేనే నాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది. మీ మెకానిక్ చెప్పిందే నిజం. అంతకు ముందూ తెలుసు. ఒప్పుకోబుద్ధి కాలేదు, అంతే."

ఫోన్ రెండో చెవికి మార్చాను.

"ఎవరో డీలరు కూడా వచ్చాడమ్మా. క్లచ్ ఎలా ఉన్నా ఫరవాలేదు, మీటరు వెనక్కి తిప్పి అరవై వేలు చేసి అమ్ముకుంటాను అని నవ్వుతూ చెప్పాడు. పొమ్మన్నాను. ఎవడబ్బ సొమ్మనీ? ఆ కిలోమీటర్లు నేను తిరిగినవి! క్లచ్ నేను వేయిస్తాను. ధర అదే. మీకు ఇష్టమైతేనే."

ఇష్టమా! "సాయంత్రం చెప్తా సార్" అన్నాను. పెద్దరికంగా. ఫోన్ పెట్టేసి, తలుపేసుకుని, ఒంటికాలి మీద గంతేశాను. నిజంగానే. కుడికాలి మీద.

జూన్ 18, సాయంత్రం

వంటింట్లో. లింగస్వామి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. చెప్పాను. కత్తి ఆగింది.

"లక్షన్నర తిరిగిన బండి సునీత. నడి రోడ్ల ఆగితే?"

"తోస్తరు ఎవరన్న. బండి పాతదనేనా నీ బాధ?"

ఉల్లిగడ్డ మీదే చూపు.

"చెప్పు."

"ఆ దినం నడిపింది నేను."

మూడేళ్ళలో ఈ మాట మా మధ్య రాలేదు. ఒక్కసారి కూడా. ఆసుపత్రిలో రాలేదు, కట్టు విప్పిన రోజు రాలేదు. ఉల్లిగడ్డల మీద వచ్చింది.

"మళ్ళ నీకేమన్న అయితే..." అన్నాడు.

నేను తొందరపడలేదు. మాటలు ఒక వరుసలో పెట్టుకున్నాను. "వాన పడ్డది, రోడ్డు జారింది. నిన్ను ఎన్నడన్న ఒక మాట అన్ననా? ఇప్పుడు అంటున్న. ఆ దినం గురించి కాదు, ఈ మూడేండ్ల గురించి. నన్ను ఎత్తుకొని తిరుగుతున్నవ్. నాకు అది వద్దు. నువ్వు వద్దన్నా ఈ బండి కొంట. గని నువ్వు ఎంబడి ఉంటె మంచిగుంటది."

లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. ఉల్లిగడ్డలు నేనే కోసి పోపు పెట్టాను. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చలాన్లు ఏమన్న ఉన్నయేమో సూసినవా? ఇన్సూరెన్స్ ఎన్నటిదాక ఉంది?"

గెలిచాను!

జూన్ 21, శనివారం

చలాన్లు మూడు. మూడూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓవర్‌స్పీడువే. ఆ ముత్యాల అక్షరాల పెద్దమనిషి! ఫోన్ చేస్తే గొంతు తగ్గించారు. "కట్టేస్తానమ్మా... మా ఆవిడకు మాత్రం చెప్పకండి." లింగస్వామి పక్కనే వింటున్నాడు. ఈ బండి సంగతిలో అతను నవ్వడం అదే మొదలు.

జూన్ 24

కొత్త క్లచ్ పడింది. యాదగిరి తన షెడ్డులోనే, దగ్గరుండి వేశాడు. కుడిచెయ్యి పైకెత్తి మరీ బోల్టులు బిగించాడు. చూసి చాలా గర్వపడ్డాను, చెయ్యి చూసి.

అదే ఎత్తు రోడ్డు. ప్రకాశరావుగారు పక్కన. బండి ఊపిరి కూడా తియ్యకుండా ఎక్కేసింది. పైన ఆపాను. ఆయన కాసేపు డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. "బాగా నడుపుతున్నావమ్మా" అన్నారు. ఇన్ని రోజులూ మీరు, ఈ రోజు నువ్వు.

సంతకాలయ్యాయి. తాళాలు నా చేతిలో.

జూన్ 28, శనివారం

రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

ఒక్కదాన్నే వెళ్ళాను. చైతన్యపురిలో బయలుదేరి కొత్తపేట, ఎల్‌బీ నగర్. చౌరస్తాలో కుడివైపు బస్సు, ఎడమవైపు ఇసుక లారీ, వెనక హారన్ల వాన. కాలు బ్రేకు మీద, కాలు తీసి, మళ్ళీ బ్రేకు మీద. బండి నత్తలా నాతో పాటు కదిలింది. బైరామల్‌గూడ దాటగానే సాగర్ రోడ్డు తెరుచుకుంది. గేరు మారింది, కాలు జర ఎత్తాను, ఇంకో గేరు. గట్టిగా అరిచాను. అద్దాలు వేసి ఉన్నాయి కనుక సరిపోయింది.

తుర్కయంజాల్ ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

కోడలు తలుపు తీసి నా వెనక చూసింది, ఆటో కోసం. లోపలి నుంచి బాలమణెమ్మ — "ఎవల బండి?"

"నాదే."

"ఎవలు నడిపిండ్రు?"

"నేనే."

"అబద్ధం. సూడాలె."

"అయితే లే."

మంచం నుంచి గడప దాకా పదకొండు అడుగులు. ఇంతవరకూ ఐదుకు మించి వెయ్యలేదు. నా భుజం పట్టుకుంది. ఎడమకాలు ఈడుస్తోంది, నేను ఎడమకాలు కుంటుతున్నాను. ఇద్దరం ఒకే తాళంలో. గడప దగ్గర ఆగింది. దిగుదామా అని నేను అడగలేదు. తనే దిగింది.

బండి చుట్టూ సగం తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసింది. ఎడమచెయ్యి. వేళ్ళను నేను మెల్లగా పరిచి పట్టుకున్నాను.

"ఎచ్చగుంది" అంది.

కోడలూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ చేతికి వేడి తెలియక రెండు నెలలు దాటింది.

"ఎచ్చగనే ఉంది" అంది మళ్ళీ, మేం నమ్మలేదనుకుని.

జూలై 2

ఈ రోజు ఐదు ఇళ్ళు. ఐదూ చేరాను. వాన పడింది — పడనీ.

జూలై 4

బావ ఫోన్. నాగోల్‌లో పనుందట, తన కారు సర్వీసుకు ఇచ్చాడట. "జర దింపుతవా మరదలా?" ముందు సీటులో బుద్ధిగా కూర్చున్నాడు. దిగేటప్పుడు తలుపు మెల్లగా వేశాడు.

జూలై 6, ఆదివారం

పొద్దున లింగస్వామి తాళాలు అడిగాడు. "బురద పట్టింది, కడుగుత." ఇచ్చాను.

టీ పెట్టుకుని బాల్కనీలోకి వచ్చాను. కింద బండి కడిగేశాడు. తుడిచేశాడు. చాపలు దులిపి మళ్ళీ పరిచాడు. ఇక చెయ్యడానికి పని లేదు. బకెట్ గోడ పక్కన పెట్టి, డ్రైవరు తలుపు తీసి కూర్చున్నాడు. ఒక కాలు బయట నేల మీదే ఉంది.

ఇప్పుడు ఆ కాలు కూడా లోపలికి తీసుకున్నాడు. తలుపు పడింది. చేతులు రెండూ స్టీరింగ్ మీద. ముందుకు చూస్తున్నాడు. ఎదురుగా ఉన్నది కాంపౌండు గోడ.

పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. అతని టీ నా చేతిలో చల్లారుతోంది.

ఇంజను చప్పుడు లేదు. ఇంకా లేదు...