అమావాస్య నాటి తనిఖీ

గురువారం, ఆదోని

ఎమ్మిగనూరు నేతగాడు రంగప్ప ఇవాళ నా ఆఫీసుకు వచ్చాడు. మగ్గం నడవడం లేదని రాసి, చేనేత పథకం జాబితాలోంచి అతని పేరు తీసేశారట. హైకోర్టుకు పోదామంటాడు.

"తనిఖీకి వచ్చిన పొద్దు మగ్గం ఎందుకు ఆపినావు రంగప్పా?" అన్నాను.

"ఆ పొద్దు అమాస కదన్నా. అమాస నాడు మా ఇండ్లల్లో ఎవురూ మగ్గం ముట్టరు. ఆ సారు ఉత్త మగ్గం సూసి, ఏందో రాసుకొని పోయినాడు. ఒక్క మాట అడిగింటే సెప్పేవాణ్ని."

అతను వెళ్లాక పిటిషన్ మొదలుపెట్టాను. నిర్ణయం తప్పంటే కోర్టుకు చాలదు. బుద్ధి ఉన్న అధికారి ఎవరూ అలాంటి నిర్ణయం తీసుకోరని చూపించాలి. అక్కడే కలం ఆగిపోయింది. మగ్గం ఆగిందనగానే, రంగప్ప నేత మానేశాడనే నేనూ అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ నేతగాళ్ల కేసులు చూస్తున్నా, వాళ్ల అమావాస్య సెలవు సంగతి నాకే తెలియదు. సిగ్గేసింది. మరి ఆ అధికారికి బుద్ధి లేదని ఏ ముఖంతో రాయను?

తెలియకపోవడంలో ఇద్దరం ఒకటే. కాకపోతే నేను అడిగాను, ఆయన అడగలేదు. జడ్జిగారికి ఈ ఒక్క తేడా చాలుతుందా...