మామూ కొట్టే అంకె

నవంబర్ 2, ఆదివారం

హమ్మాద్ పడ్డాడు. ధర్మసాగర్ దారిలో బండల మీద ప్రాక్టీస్ చేస్తుంటే వెనక చక్రం కుంగినట్టయి బండి ఒరిగిందట. మణికట్టు వాచింది. దవాఖానలో ఎక్స్‌రే తీసి ఎముకకు ఏమీ కాలేదన్నారు. అమ్మీ మాత్రం బండిని పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానంటోంది.

బైక్ ట్రయల్స్ అంటే రేసు కాదని అమ్మీకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. స్పీడ్ ఉండదు. కాలు నేల మీద పెట్టకుండా రాళ్ళూ గుంతలూ దాటాలి, అంతే. మా తమ్ముడు నడుస్తూ గడప తట్టుకునే రకం, బండెక్కితే మాత్రం పిల్లిలా ఉంటాడు. వచ్చే నెల బెంగళూరులో పోటీ ఉంది. వాడు ఏడాదంతా దాని కోసమే బతికాడు.

బండి చూశాను. వెనక చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌నీ, షాక్ అబ్సార్బర్‌నీ కలిపే రెండు చిన్న లింకుల్లో ఒకటి విరిగింది. చివర్లు గుండ్రంగా, నడుము సన్నగా ఉంటాయి కాబట్టి మా ఇంట్లో వాటిని బొక్కలు, అంటే ఎముకలు, అంటాం. పాత ఫారిన్ బండి, స్పేర్లు దొరకవు. అందుకే అమ్మీ తమ్ముడు హైదర్ మామూ తన లేత్ షాపులో చేసిచ్చాడు. అబ్బా పోయాక మా ఇంట్లో ఏది విరిగినా అతికించేది ఆయనే.

మామూ వచ్చి, ఫికర్ చెయ్యకు బేటా, ఈసారి జర మందంగ చేసిస్త అన్నాడు. డ్రాయింగ్ నేను గీస్తానన్నాను. రోజంతా హైదరాబాద్ కంపెనీకి ఎవరివో పంపుల మూతలు గీస్తాను. ఇంట్లో బండికి గీయకపోతే ఎందుకీ చదువు?

నవంబర్ 4, మంగళవారం

మందం పెంచాను. స్క్రీన్ మీద బాగుంది. కానీ ఎందుకు విరిగిందో తెలియకుండా మందం పెంచడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఇంకో దుప్పటి కప్పడమే.

నవంబర్ 5, బుధవారం

టీ చల్లారిపోయింది, ఆఫీసు మీటింగ్ మర్చిపోయాను. విరిగిన చోటును లెన్స్ పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఒక్క దెబ్బకు విరిగితే అంతా గరుకుగా ఉండాలి. ఇది అలా లేదు. సగానికి పైగా నున్నగా ఉంది. దాని మీద ఉల్లిగడ్డ కోసినప్పుడు కనిపించేలాంటి వంపు గీతలు. అంటే పగులు ఎప్పుడో మొదలైంది. బండి గెంతిన ప్రతిసారీ వెంట్రుకవాసి ముందుకు జరిగింది. గీతలన్నీ ఒకే మూల నుంచి విచ్చుకున్నాయి, పగులు పుట్టింది అక్కడే. నాకు ఎంత సంతోషమేసిందో! తమ్ముడు పడితే సంతోషమేమిటని తిడతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముక్క తిప్పి చూశాను. ఆ మూల పైన 8 అంకె ఉంది.

అదే రోజు, సాయంత్రం ఆరు

మామూ షాపు నుంచి బయటికి పోయే ప్రతి వస్తువు మీదా 786 ఉంటుంది. ఆటో పిన్ను కావచ్చు, బట్ట నేసే సాంచా, అదే మరమగ్గం, షాఫ్టు కావచ్చు. అంకెల పంచులు పెట్టి సుత్తితో కొడతాడు. కొట్టేటప్పుడు పెదవులు కదులుతాయి. బిస్మిల్లాకు గుర్తు ఆ అంకె, అది ఆయన దువా. హమ్మాద్ బండి బొక్కల మీద మరీ లోతుగా కొట్టాడు, మేనల్లుడు కదా. అదీ నడుము మీద, లాగుడంతా పడే చోట.

ఏ అంకె కొట్టినా అంతే అయ్యేది. లోహానికి అంకెలు చదవడం రాదు, గాటు ఒక్కటే తెలుసు. ఈ మాట మామూతో ఎలా చెప్పాలి?

నవంబర్ 8, శనివారం

చెప్పలేదు. పిరికిదాన్ని. దానికి బదులు తెలివి చూపించాను. కొత్త డ్రాయింగులో నడుమును గుండ్రంగా గీశాను. పంచు పెడితే జారాలి.

నవంబర్ 11, మంగళవారం

పంచు జారిందట. మామూ ఆకురాయితో నడుమును చక్కగా చదును చేసి మరీ కొట్టాడు. ఫోటో పంపాడు, కింద గుండె బొమ్మ. నడుము ఇంకా సన్నబడింది, అంకె ఇంకా లోతుగా పడింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నవంబర్ 12, బుధవారం

చెప్పేశాను.

షాపుకు వెళ్ళి విరిగిన ముక్కను లెన్స్ కింద పెట్టి గీతలు చూపించాను. మామూ ఆ గీతల వెంట గోరు పెట్టి మూల దాకా పోనిచ్చాడు. తర్వాత, అంటే పిల్లగాన్ని నేనే పడేసిన్నా అన్నాడు. కాదు మామూ, అంకె తప్పు కాదు, కొట్టిన చోటు తప్పు అన్నాను. ఆయన విన్నట్టు లేదు. పంచుల పెట్టె మూసి పై అరలో పెట్టాడు. నా కోసం టీ చెప్పాడు, తను తాగలేదు.

నవంబర్ 15, శనివారం

మామూ షాపు తెరవలేదు.

నవంబర్ 17, సోమవారం

ఇంట్లో గొడవ. బొక్కలు చేసిస్తాను కానీ ఇక దేని మీదా ఏమీ కొట్టనన్నాడు మామూ. అయితే బండి గడప దాటదు, అది లేకుండ నా కొడుకును ఎక్కనియ్య అంది అమ్మీ. హమ్మాద్ మధ్యలో దూరి, మామూ కొట్టింది ఉండబట్కే చెయ్యి ఇరగలే, ఉత్త వాపుతోని పోయింది అని వాదించాడు. మామూ నవ్వలేదు.

నిజం చెప్పి నేను సాధించిందేమిటి? బండికి బొక్కలు లేవు. మామూ చేతికి సుత్తి లేదు. పోటీ దగ్గరపడుతోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

నవంబర్ 19, బుధవారం

మామూ పొద్దున్నే వచ్చాడు. ఏ అంకె కొట్టినా అంతేనని అన్నవు గద, చూపియ్యి అన్నాడు.

షాపు మూలలో పాత షేపర్ మెషిన్ ఉంది. దాని తల ముందుకీ వెనక్కీ ఆడుతుంటుంది. ఐడియా మామూదే. తలకు గట్టి స్ప్రింగు, స్ప్రింగుకు బొక్క, బొక్క రెండో చివర మెషిన్ బల్లకు బిగింపు. తల వెనక్కి పోయినప్పుడల్లా బొక్క లాగబడుతుంది. బండి గెంతినట్టే, పైన మనిషి లేకుండా. పాత కొలతలతో మూడు బొక్కలు చేశాం. ఒకదాని మీద 786, ఒకదాని మీద 123, మూడోది ఉత్తది. మెషిన్ తలకు ఒకసారి రెండే పడతాయి కాబట్టి ముందు 786, పక్కన ఉత్తది.

మామూ పంచులు ముట్టనన్నాడు. నేనే కొట్టాను, సుత్తి బొటనవేలికి తగిలింది. జాలిపడతాడనుకుంటే, లోతు సాల్లేదు, నేను కొట్టినంత కొట్టు, లేకుంటే పరీక్ష పరీక్షగాదు అన్నాడు. కంపెనీలో నా మేనేజర్ కూడా ఇంత నిక్కచ్చిగా ఉండడు.

నవంబర్ 21, శుక్రవారం

786 ఉన్నది విరిగింది, 8 దగ్గరే. మామూ ముక్కను అక్కడే వదిలి జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు.

నవంబర్ 24, సోమవారం

786 స్థానంలో పొద్దున బిగించిన 123 అప్పుడే విరిగింది! అదీ నడుము మీదే, 2 వంపులో. మొదటిదాని కంటే తొందరగా!

మామూ ముక్కను అటూ ఇటూ తిప్పి, ఈ బొక్కకు దువా రాదు, లెక్కలు కూడ రావు అని పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మీకి ఫోన్ చేసి, ఆపా, ఒకటి రెండు మూడు కూడ ఇరిగింది అన్నాడు. అమ్మీకి ముక్క అర్థం కాలేదు, కానీ తమ్ముడి గొంతు విని షుకర్ అంది.

ఉత్తది ఇంకా ఆడుతూనే ఉంది. దాన్ని విరిగేదాకా ఉంచే ఓపిక మాకు లేదు.

నవంబర్ 26, బుధవారం

కాలేజీలో మాకు నూరిపోసింది ఒకటే. పని చెయ్యని చోట లోహం ఉంచకు, బరువు దండగ.

ఇవాళ దండగ పని చేశాను. ముందు నడుము వెడల్పు చేశాను, మూలలన్నీ నున్నగా తిప్పాను, విమానాలకు వాడే గ్రేడు అల్యూమినియం తెప్పించాను. తర్వాత ఒక చివర, బోల్టు రంధ్రానికి దూరంగా, చిన్న చెవి లాంటి ముక్క కలిపాను. లాగుడు పడే చోటు స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది, పడని చోటు నీలంగా. చెవి మొత్తం నీలం.

మామూ డ్రాయింగ్ చూసి, ఈ చెవి ఏం పని చేస్తది అని అడిగాడు. ఏమీ చెయ్యదు, మీ అంకె కూర్చోవడానికే అన్నాను. కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత పై అరలోంచి పెట్టె దించాడు.

డిసెంబర్ 2, మంగళవారం

కొత్త బొక్క విరగదే! పాతవి విరిగిన లాగుడు దీనికి చక్కిలిగింత. స్ప్రింగు మార్చి గట్టిది వేశాం, అయినా విరగలేదు. ఇంకా గట్టిది వేస్తే ఇవాళ మధ్యాహ్నం టప్పుమంది. మామూ నాకంటే ముందు ఉరికాడు.

రంధ్రం అంచున విరిగింది. నా స్క్రీన్ ఎర్రగా చూపించిన చోటే. చెవి మీద 786 కొట్టింది కొట్టినట్టే ఉంది. మామూ బాదుషాలు తెప్పించి షాపుకొచ్చిన వాళ్ళందరికీ పంచాడు. ఏం ఖుషీ భాయ్ అని ఎవరో అడిగితే, మాది ఇరిగింది అన్నాడు. ఆ మనిషి బాదుషా పట్టుకుని నన్నే చూశాడు.

డిసెంబర్ 7, ఆదివారం

కొత్త బొక్కల జత బిగించుకుని హమ్మాద్ మళ్ళీ బండలెక్కాడు. మామూ మొదటిసారి చూడటానికి వచ్చాడు. అమ్మీ కూడా వచ్చింది కానీ ఆటో దిగలేదు, తస్బీ పూసలు తిప్పుతూ లోపలే కూర్చుంది.

వాడు పోయినసారి పడిన బండకే బండిని తిప్పాడు. బండి ఆగింది, ఊగింది, ముందు చక్రం లేచింది. వెనక చక్రం దబ్బుమని తగిలి పైకెక్కింది. అవతల దిగేటప్పుడు కాలు పెట్టాడు, తిట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. రెండోసారి కాలు పెట్టలేదు. మామూ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆటోలోంచి అమ్మీ, ఎక్కిండా అని అరిచింది. బెంగళూరు టికెట్లు సాయంత్రం బుక్ చేశాం.

డిసెంబర్ 9, మంగళవారం

సాంచాల కుమారస్వామి గారు కొత్త షాఫ్టు చేయించుకున్నారు. మామూ దాన్ని భుజాన వేసుకుని మా ఇంటికే వచ్చాడు. నా బల్ల మీద పడుకోబెట్టి, దీనికి నొప్పి లేని జాగ ఏది బేటా అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. సాంచా ఆడుతుంటే చూడాలి. ఇద్దరం ఆయన సాంచాల షెడ్డుకు బయల్దేరుతున్నాం.